శంకరవ్వకు ఎన్ని ఓట్లు

సత్తమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. వసారాలో వాలుకుర్చీ మీద కూర్చున్న మధుసూదన్‌రావు దొర పొద్దటి నుంచి నాలుగోసారి అదే ప్రశ్న అడిగాడు.

"నిజం చెప్పు లింగమూర్తీ. ఆ రాయమల్లు మల్లొచ్చి ఈ ఊరు ఏలుతడా?"

"ఎక్కడి మాట దొరా! వాడు భీమండిల మగ్గాల కాడున్నడు. అక్కడికెల్లి ఉత్తరాలు రాసుకుంట ఊరేలుతడా?" అన్నాడు గుమాస్తా లింగమూర్తి.

కూలి రేట్ల కోసం ఊరిని ఒక్కటి చేసిన రాయమల్లును దొర వెళ్లగొట్టి ఆరేళ్లయింది. ఈసారి సర్పంచ్ సీటు బీసీ ఆడవాళ్లకు వచ్చింది. ఊళ్లోనే ఉన్న రాయమల్లు భార్య శంకరవ్వ నామినేషన్ వేసింది. ఆమె గెలిస్తే రాయమల్లు తిరిగొస్తాడని చిన్న పిల్లలకు కూడా తెలుసు.

దొర తను నిలబడలేడు కనుక తన ఇంట్లో పనిచేసే మనిషిని నిలబెట్టాడు. ఆ మనిషి సత్తమ్మే. అటు బడిలో ఆమెకు పడ్డ ఓట్లు లెక్కపెడుతుంటే, ఇటు ఆమె దొర వసారాలో బియ్యం చెరుగుతోంది.

"వాడలు చెప్పు," అన్నాడు దొర.

"గొల్లవాడ మొత్తం మనకే. గౌండ్లవాడ మనకే. కింది వాడోళ్లు గూడ మనకే."

"సాలెవాడ?"

అది రాయమల్లు సొంత వాడ. లింగమూర్తి గొంతు సవరించుకున్నాడు.

"వాళ్లు గూడ పసుపుబియ్యం ముట్టి ఒట్టేసిండ్రు దొరా. సత్తమ్మకే ఏస్తమన్నరు."

"గదే నా పరేషాన్. కొట్లాడలే, గునగలే. గంత జల్ది ఎట్ల ముట్టిండ్రు?"

"దేవుని ఒట్టు దొరా. తప్పుతరా?"

దొర మీసం దువ్వుకున్నాడు. తనకు తనే ధైర్యం చెప్పుకున్నట్టు అన్నాడు.

"శంకరవ్వ నిలబడ్డదని తెల్వంగనే మా పాలేరు పెండ్లాన్ని పక్కకు పెట్టి దీన్ని దింపిన. ఊళ్లె సగం మందికి కాన్పు జేసిన చెయ్యి ఇది. ఏ వాడకు పోయినా పీటేసి కూసోబెడ్తరు. ఏమే సత్తమ్మా, గెలుస్తవా?"

"జర ఆగుండ్రి దొరా. ఇంకో మానెడు బియ్యమున్నయి," అంది సత్తమ్మ తలెత్తకుండా.

లోపల దొరసాని జానకీబాయి కిసుక్కున నవ్వింది. దొరకు కూడా నవ్వొచ్చింది. లింగమూర్తిని బడికి తరిమాడు.

మూడు గంటలకు లింగమూర్తి చెప్పులు కూడా విడవకుండా వసారాలోకి ఉరికొచ్చాడు. చేతిలో ఎన్నికల అధికారి ఇచ్చిన కాగితం ఉంది.

"గెలిచినం దొరా! ఎనిమిది వందల పన్నెండు!"

"శంకరవ్వకెన్ని?"

"సున్న."

"సున్న ఏందిరా? సక్కగ చెప్పు."

"ఒక్కటి గూడ రాలే దొరా. ఆఫీసర్లు రెండుసార్లు లెక్కపెట్టిండ్రు."

దొర తొడ చరిచాడు. నవ్వీ నవ్వీ కళ్లల్లో నీళ్లొచ్చాయి. "సాలెవాడ గూడ ఏయలేదా! దాని ఓటు గూడ దానికి పడలేదా! అయిపోయిందిరా, రాయమల్లు పని ఖతం! ఇగ వాడు భీమండిలనే ముసలోడైతడు. ఇంటింటికి పావుకిలో బెల్లం పంచు!"

దొర ఆ గెలుపు కాగితాన్ని అందుకుని టీపాయి మీద పెట్టి, మడతపెట్టి ఉంచిన ఇంకో కాగితం జేబులోంచి తీశాడు. పంచాయతీ మొదటి తీర్మానం అది. రాయమల్లు ఊరి పొలిమేరలో అడుగు పెట్టరాదని నిన్ననే రాయించి పెట్టాడు.

"సత్తమ్మా, ఇటు రా. దీని మీద ఏలుముద్ర ఎయ్యి."

సత్తమ్మ చేట పక్కకు పెట్టి చేతులు దులుపుకుంది. జానకీబాయి గడప దగ్గరకు వచ్చి నిలబడింది.

"నాకొకటి సమజైతలేదు. శంకరవ్వ ఓటు శంకరవ్వ ఎందుకు ఏస్కోలే?"

"భయపడ్డది."

"భయపడేది నిలబడుడెందుకు? అది నిలబడ్డదనే గద మీరు సత్తమ్మను దింపిండ్రు."

దొర నోరు తెరిచాడు. అంతలో బయట డప్పులు మోగాయి.

"మనోళ్లే అయుంటరు. పోయి చూడు," అన్నాడు లింగమూర్తితో.

లింగమూర్తి వెళ్లినంత వేగంగా తిరిగొచ్చాడు.

"శంకరవ్వ డప్పుల ముంగట ఎగురుతున్నది దొరా."

"ఓడినదానికి ఎగురుడేందిరా?"

"అదొక్కతే గాదు, వాడలన్నీ ఎగురుతున్నయి. నడుమ రాయమల్లున్నడు. పొద్దటి నుంచి కరీంనగర్ల కూసోని, ఇప్పుడు బస్సు దిగిండట."

దొర కుర్చీలోంచి లేచాడు. "ఎవడు రమ్మన్నడు వాన్ని? ఎవడిచ్చిండు గంత ధైర్యం?"

లింగమూర్తి దొర వైపు చూడలేదు.

"సర్పంచ్ రమ్మన్నదట దొరా."

టీపాయి మీది గెలుపు కాగితాన్ని సత్తమ్మ నెమ్మదిగా తీసి కొంగున ముడేసుకుంది. దొర ముందు నుంచే నడిచి దర్వాజ దాటింది.