ఏడుపుకు ముందు పది సెకన్లు

కెమెరా వెనకనుంచి ఎవరో అన్న ఒక్క మాటకే ఆ ముసలామె కుప్పకూలిందని ఎడిటరమ్మ ఆ మధ్యాహ్నం కనిపెట్టింది.

ఆరు నెలలుగా ఆ ఏడుపును వందసార్లు చూసింది. కత్తిరించని ఫుటేజీని మొదటినుంచి వినడం మాత్రం ఇదే తొలిసారి.

గనికోసం కొండ ఖాళీ చేయమంటే కదలని జనం మీద డాక్యుమెంటరీ అది. ఇల్లు కూలగొడుతుంటే ముసలామె ఏడ్చే షాటే దానికి ప్రాణం. సాయంత్రం ఆరింటికల్లా సినిమాను పోటీకి పంపాలి.

“తాతా, ఇక్కడ మగగొంతు ఏమంటోంది?”

తాత పక్క భవనానికి కాపలావాడు. కొండభాష వచ్చని తెలిసి నిన్ననే పిలిపించింది. “మావాళ్లు చెట్టుకొకరు, పుట్టకొకరు అయిపోయారమ్మా. ఒక్క మొహమైనా కనిపిస్తుందేమో” అంటూ వచ్చాడు. కుర్చీ అంచునే కూర్చుంటాడు. టీ తాగితే కప్పు తనే కడిగిపెడతాడు.

నిన్నంతా మగవాళ్ల మాటలే. ఇవాళ ముసలామె తెరమీదికి రాగానే కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. చూపు ఆనడం లేదేమో అనుకుంది.

“ఇంకోసారి వేస్తావా తల్లీ?”

వేసింది.

“ఇంకోసారి.”

“చెవులు మొరాయిస్తున్నాయా తాతా?” అని నవ్వింది.

“లేదమ్మా. బాగానే వినపడుతోంది.”

గొంతు సవరించుకున్నాడు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

“‘నీ మొగుడు జైల్లో చచ్చిపోయాడు. నిన్ననే పాతిపెట్టారు’ అంటున్నాడు.”

“మరి ఆమె? ఇంటి గురించేనా ఏడుస్తోంది?”

“ఇంటి ఊసే లేదమ్మా. ‘ఇన్నాళ్లూ ఎవరికోసం ఎదురుచూశాను’ అంటోంది.”

ఎడిటరమ్మ ఫుటేజీ ఆపేసింది. ఆ ఏడుపు కింద పిల్లనగ్రోవి రాగం పెట్టింది తనే. ఇంకో నాలుగు సెకన్లు సాగదీసిందీ తనే.

“ఈమె ఇప్పుడెక్కడుందమ్మా?”

“పోయింది తాతా. ఇది తీసిన నెలకే. తిండి మానేసిందట.”

ఆయన లేచాడు. కప్పు తీసుకెళ్లి కడిగాడు. చాలాసేపు కడిగాడు.

“ఇంకా సగం ఉంది తాతా!”

“ఇంకెవరినైనా పిలుచుకో తల్లీ. మిగతా మాటలు నాకు రావు.”

తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లాడు.

రెండు నిమిషాలకు డైరెక్టరు లోపలికొచ్చాడు. మొహాన నెత్తురుచుక్క లేదు.

“ఆ ముసలాణ్ని ఎవరు రానిచ్చారు?”

“నేనే పిలిచాను.”

“క్లాపు కొట్టాక ఉన్నదే చూడమన్నానా? ముందున్నదాంతో నీకేం పని?”

“ఆమె మొగుడు నిజంగానే చచ్చిపోయాడా సార్?”

“మొన్న ట్రయల్ షోలో ఆ ఏడుపు చూసి హాలుహాలంతా ఏడ్చింది. రేపు వాళ్ల గోడు లోకానికి తెలుస్తుంది. ఇంకేం కావాలి నీకు?”

“నాకు వాంతి రాకుండా ఉండాలి. అడిగినదానికి చెప్పండి. లేదంటే ఆ షాటు సినిమాలో ఉండదు.”

ఆమె వేలు కీబోర్డు మీద ఉంది. గడియారం అయిదున్నర చూపిస్తోంది.

డైరెక్టరు తాత లేచివెళ్లిన కుర్చీలో కూర్చోబోయి, ఎందుకో ఆగిపోయాడు.

“బతికే ఉన్నాడు. కొండ ఎక్కేముందు జైల్లో నేనే కలిశాను. ‘శిక్ష అయిపోవచ్చింది, వచ్చేస్తున్నాను, బెంగపెట్టుకోవద్దని మా ఆడదానికి చెప్పండి బాబూ’ అని నా చేతులు పట్టుకున్నాడు. ఆమెకేమో ఎంత అడిగినా ఏడుపు రాలేదు, వెలుతురు పోతోంది, అందుకని చచ్చాడని చెప్పించాను. ఇందాక మెట్ల మీద ఎదురుపడ్డాడు... ఆ కబురు చెప్పారా అని కూడా అడగలేదు, పక్కకు తప్పుకుని నాకు దారిచ్చాడు.”