సిద్ధంగా ఉన్న బల్ల

"దొంగ! దొంగ! ఎవరైనా రండి!"

నొప్పుల మధ్యనే కేక పెట్టింది నీదియా.

కాన్పుల గది మూల ఒక బల్ల ఉంది. పుట్టిన బిడ్డ ఊపిరి పీల్చకపోతే వాడే సామానంతా దాని మీద విప్పి, బిగించి, పైన సాలెగూడు లాంటి అల్లిక గుడ్డ కప్పి ఉంచారు. నీదియా ధైర్యమంతా ఆ బల్లే. వాళ్ళక్క బిడ్డ పోయినేడు ఊపిరందకే పోయింది మరి.

ఇప్పుడెవరో ముసలావిడ గుడ్డ ఎత్తి, బిడ్డ గొంతులో కఫం లాగే గొట్టాన్ని పీకి చేతిసంచిలో కుక్కుకుంటోంది.

"అరవకమ్మా," అందావిడ ఊళ్ళో మాట్లాడే గ్వారానీ భాషలో, మెల్లగా. "ఇది ఎన్నాళ్ళ కిందట విప్పారో ఏమో. బిడ్డ వచ్చే వేళకి కొత్త గొట్టం కవరు చింపమని అడుగు. అడుగుతావా?"

"నా బిడ్డ కోసం పెట్టింది తీయడానికి నువ్వెవరు? అక్కడ పెట్టు!"

నర్సు బ్లాసిదా పరిగెత్తుకొచ్చింది. వెనకే, చంకలో చల్లని తెరెరే తేనీటి ఫ్లాస్కుతో కాపలాదారు ఎవెలియో.

"మళ్ళీనా! ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు?" అంది బ్లాసిదా.

"గేటు దగ్గరే ఉన్నా నర్సక్కా, ఎలా దూరిందో..." నసిగాడు ఎవెలియో.

"నువ్వున్నది గేటు దగ్గర కాదు, ఫ్లాస్కు దగ్గర."

"ఎవరక్కా ఈవిడ?" అడిగింది నీదియా.

"మతి సరిగా లేదులే. వారం వారం వస్తుంది."

ముసలావిడ సంచిని గుండెకు హత్తుకుంది. "ఈ ఒక్కటీ తీసుకెళ్ళనీ, బ్లాసిదా."

లాక్కోబోయిన బ్లాసిదా చెయ్యి ఆగింది.

"చూస్తావేంటక్కా, లాక్కో!" నీదియా ఏడ్చేసింది. "బిడ్డ నీలంగా అయిపోతుంటే అప్పుడు కవర్లు చింపుతూ కూర్చుంటారా?"

బ్లాసిదా లాక్కుంది. గొట్టాన్ని స్పిరిట్ దూదితో ఒకసారి తుడిచి, ఉన్నచోటే బిగించింది. ఎవెలియో ముసలావిడ రెక్క పట్టుకుని బయటికి నడిపించాడు.

మధ్యాహ్నం మగపిల్లాడు పుట్టాడు.

ఏడవలేదు.

గొట్టం పెట్టారు. కఫం లాగారు. మాస్కు ఆన్చి గాలి కొట్టారు. కెవ్వుమన్నాడు.

"చూశావా? ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదు," అంది బ్లాసిదా.

కాకుపే మాత గుడికి కాలినడకన వస్తానని నీదియా అక్కడికక్కడే మొక్కుకుంది.

మూడో రోజు పిల్లాడు పాలు తాగలేదు. ఒళ్ళు పెనంలా కాలింది. ఆ తర్వాత చల్లబడుతూ వచ్చింది.

ఐదో రోజుకి లేడు.

"రక్తంలో సూక్ష్మజీవులు చేరాయమ్మా," అన్నాడు డాక్టరు, ఆమె మొహం చూడకుండా. "ఆ గొట్టంలోనూ అవే ఉన్నాయి. ఎన్నాళ్ళుగానో విప్పి ఉంచింది కదా..."

నీదియా గోడ పట్టుకుని కాన్పుల గదికి నడిచింది. బ్లాసిదా బల్ల దగ్గర ఉంది.

"ఆవిడ ఎక్కడుంటుందక్కా? ఒక్కసారి క్షమించమని అడగాలి."

"ఆ రోజే ఊరు విడిచి వెళ్ళిపోయిందట. ఎక్కడికో ఎవరికీ తెలీదు." అంది బ్లాసిదా. "ఇక్కడి గొట్టాలు పట్టుకెళ్ళి పరీక్ష చేయించేది. ఆ కాగితాలు తెచ్చి చూపించేది. ఎవరూ చదవలేదు. నేనూ చదవలేదు."

పక్క గదిలో మరొకరెవరో నొప్పులతో మూలుగుతున్నారు. కాన్పుకింకా చాలా టైముంది. అయినా బ్లాసిదా చేతులు వాటంతటవే కొత్త కవరు చింపి, గొట్టం తీసి బల్ల మీద పెట్టాయి.

"అదేంటక్కా, మళ్ళీ!"

బ్లాసిదా తన చేతుల్ని తనే వింతగా చూసుకుంది.

"ఆవిడ ఇక్కడ ఇరవై రెండేళ్ళు పెద్ద నర్సు," అంది చివరికి. "కాన్పు ఉన్నా లేకపోయినా ముందే అన్నీ విప్పి సిద్ధంగా ఉంచాలని మా అందరికీ అలవాటు చేసింది ఆవిడే."