కోడ్ పంపే బటన్

పరాయి దేశంలోని అల్ ఖువైర్ ఆఫీసులో షఫీ నాలుగోసారి కస్టమర్ శ్రీలక్ష్మి ఫోన్ ఎత్తాడు. వెబ్‌సైట్ పేర్లు అమ్మే కంపెనీ అది. వదిలి వేరే కంపెనీకి పోతామనే కస్టమర్లతో వాళ్ల భాషవాడి చేతే మాట్లాడించడం మేనేజరు పద్ధతి. సొంత ఊరి మాట వింటే గట్టిగా తిట్టలేరు.

"కోడ్ ఇంకా రాలే నాయనా," అంది శ్రీలక్ష్మి. అదే దేశంలోని ఇబ్రా ఊళ్లో ఆమెది కుట్టుషాపు. "అది ఇస్తేనే కొత్త కంపెనీవాళ్లు నా షాపు వెబ్‌సైట్ పేరు తీసుకుంటారంట. ఈ పొద్దుతో గడువు అయిపోతాది. మళ్లా నా పేరు మీకాడే ఇరుక్కుపోతాది."

కోడ్ పంపే బటన్ షఫీ ఎదుటే ఉంది. నొక్కితే, నొక్కింది ఎవరో మేనేజరుకు తెలిసిపోతుంది.

"రేపు తప్పకుండా వచ్చాదక్కా."

"నువ్వూ కడపోడివేనని నమ్మినా గదా. ఎందుకిట్ల చేచ్చాండావు?"

ఆమె తిట్టకుండానే ఫోన్ పెట్టేసింది.

అంతలో అతని సెల్‌కు మెసేజ్ వచ్చింది. శ్రీలక్ష్మి వెళ్లాలనుకున్న ఆ కొత్త కంపెనీ నుంచే. షఫీకి ఉద్యోగం ఇస్తామన్నదీ వాళ్లే.

"మీ కాంట్రాక్టు ముగిసిందని పాత కంపెనీ ఇవ్వాల్సిన లెటర్ ఇంకా అందలేదు. ఈరోజు దాటితే ఉద్యోగం వేరేవాళ్లకు ఇస్తాం."

షఫీ మేనేజరు గది వైపు చూశాడు. నెల రోజులుగా ఆ లెటర్ సంతకం లేకుండా ఆయన సొరుగులోనే ఉంది. అడిగినప్పుడల్లా ఆయన చెప్పేది ఒకటే మాట.

షఫీ అదే టైప్ చేసి పంపాడు.

"రేపు తప్పకుండా వస్తుంది."