ఇంజను చప్పుడు

రిపేరు షెడ్డులో పొక్లెయిన్ ఇంజను మీదికి వంగి ఉన్న నాన్న వెనక నిలబడి, "నాయినా, టిఫిన్ తెచ్చిన" అన్నాను. తిరగలేదు. మోచెయ్యి తాకితే తిరిగాడు.

"నోట్లనే గొణుగుతవేంది బిడ్డా? గట్టిగ చెప్పాలె."

ఇంట్లోనూ రోజూ ఇదే మాట. నా సిగ్గు చూసి విసుక్కుంటున్నాడనుకునేదాన్ని.

"సవరయ్యా, స్టార్ట్ చేస్తున్న, చప్పుడు చూడు. బండి జల్దీ గనికి పోవాలె" అంటూ ఫోర్‌మన్ హరిప్రసాద్ సార్ క్యాబిన్ ఎక్కి తలుపు వేసుకున్నాడు.

ఇంజను మొదలైంది. నాన్న దాని మీద అరచెయ్యి ఆనించి అలసటగా కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి సార్ ఇంజను ఆపాడు. షెడ్డంతా నిశ్శబ్దమైంది.

"నీకేమినబడ్డది ఏంజెల్?" నాన్న మెల్లగా అడిగాడు.

"ఫ్యాన్ కాడ గరగరమంటుంది."

నాన్న నా పెదవులకేసే చూస్తున్నాడు. "ఏందీ?"

అప్పుడు నాకు అర్థమైంది. గట్టిగా చెబితే సార్ కనిపెడతాడు. చూపు తగ్గిందని ఇక్కడే పనిచేసే మొండయ్య మామను మొన్ననే పనిలోంచి తీసేశారు. ఫ్యాన్ వైపు చూపించి, రెండు పిడికిళ్లు ఒకదానికొకటి రాశాను. నాన్న తలూపాడు.

సార్ దిగి ఎదురుగా వచ్చాడు. "ఎట్లుంది?"

"ఫ్యాన్ బేరింగు గరగరమంటుంది సార్. మార్చినంకనే పంపాలె."

"చెవులంటే నీవే సవరయ్యా" అని నవ్వి, బేరింగు కోసం స్టోరుకు వెళ్లాడు.

నాన్న తల వంచుకుని చేతులు తుడుచుకుంటున్నాడు. "రేపు గూడ బడికి పోయేముందు వస్తవా బిడ్డా?"

"వస్తా నాయినా" అన్నాను. తర్వాత ఎదురుగా వెళ్లి నిలబడి, మళ్లీ చెప్పాను.