గంగమ్మ కొంగుముడి

పలాస జీడిపప్పు కార్ఖానాలో గోదాము నుంచి పప్పు డబ్బా ఒకటి పోయింది. మధ్యాహ్నానికి పోలీసు జీపు వచ్చింది.

జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు. కాంతం కళ్ళు మాత్రం గంగమ్మ మీదే ఉన్నాయి.

గంగమ్మ మందస కొండల నుంచి వచ్చిన సవర పిల్ల. వచ్చి ఎన్నాళ్ళో కాలేదు, అప్పుడే కిటికీ పక్క చోటు, మేస్త్రి మెప్పు ఆమెవే. ఆ చోటు కోసం కాంతం ఏళ్ళ తరబడి కాచుకుంది. ఈ మధ్య పిక్కల్లోంచి కారే జీడి నూనె పడి తన బొటనవేలు పుండైంది, చెయ్యి సాగడం లేదు. పక్కన గంగమ్మ చెయ్యి చకచకా ఆడుతుంటే కాంతానికి కడుపు రగిలిపోయేది.

"ఏకులాగొచ్చి మేకై కూసుంది," అని రోజూ గొణిగేది.

"గోదాము తాళం ఎవరి దగ్గర ఉంటుంది?" ఎస్సై అడిగాడు.

"మా బావమరిది ఎల్లాజీ దగ్గర బాబూ. నమ్మకస్తుడు," అన్నాడు మేస్త్రి.

ఎస్సై ఎల్లాజీ వైపు చూడనైనా లేదు.

"ఈ ఆడవాళ్ళెవరు?"

"రైతుల ఇళ్ళోల్లు బాబూ. అదొక్కర్తే కొండది."

"దాన్ని సోదా చెయ్యండి. ఆడ పోలీసు రాలేదు, నువ్వు చూడు," అన్నాడు ఎస్సై కాంతంతో.

కాంతం ఆ మాట కోసమే ఉన్నట్టు వెళ్ళి గంగమ్మ కొంగుముడి విప్పింది. గుప్పెడు పప్పు రాలింది.

"అక్కా, అయి..." అంది గంగమ్మ.

"నోర్ముయ్. సూడండి బాబూ," అంది కాంతం.

డబ్బా ఏదని ఎవరూ అడగలేదు. గంగమ్మను జీపెక్కించారు. ఆ పూట తూకం లేకుండానే పని ఆపేశారు.

మర్నాడు డబ్బా ఎల్లాజీ గడ్డివాములో దొరికింది. మేస్త్రి బతిమాలితే ఎల్లాజీని మందలించి వదిలేశారు. గంగమ్మను మాత్రం ఆ గుప్పెడు పప్పుకే జైలుకు పంపారు.

కిటికీ పక్క చోటు కాంతానిదైంది. సాయంత్రం మేస్త్రి ఆమె బుట్ట తూచి మొహం చిట్లించాడు.

"ఏటి కాంతం, ఇన్నాల్లూ సరిపోయీది కదా. ఇలాగైతే రేపట్నుంచి రాకు."

"ఎప్పటిలాగే కొట్టేను మేస్త్రీ. ఎందుకు తగ్గిందో తెల్డం నేదు."

తూకానికి బుట్టతో వెనక నిలబడ్డ ముసలి రత్నాలమ్మ గొంతు తగ్గించి అంది.

"నిన్న పోలీసోల్ల ముందు నాకు నోరు రానేదే. నీ ఏలు మానీదాకా నీకు పని పోకూడదని, ఆ పిల్ల తను కొట్టిన పప్పులోంచే గుప్పెడు కొంగులో దాసి, రోజూ తూకం ముందు నీ బుట్టలో పోసీది."