అర చెంచా సోడా

"అమ్మాయీ, ఆ కేకు చీటీలో సోడా రెండు చెంచాలని రాశాను చూడు, అది తప్పు. అర చెంచానే," అన్నాను కోడలితో.

ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. పొరపాటున రాశానంటే గోడలు కూడా నమ్మవు. ఇంట్లో గుమ్మడికాయ కేకు నా ఒక్కదానికే కుదరాలని, కొత్తగా వచ్చిన పిల్లకు అలా రాసిచ్చాను. తొమ్మిదేళ్లుగా సెలవులకు అందరూ చేరితే నా కేకు క్షణంలో ఖాళీ, తనది చేదు. "కషాయంలో ముంచావుటే?" అని నలుగురిలో నవ్వేదాన్ని. ఈ ఏడు నా చేతులు వణుకుతున్నాయి. ఇక తనే చెయ్యాలి.

కోడలు పిండి జల్లిస్తూ తలెత్తలేదు. "మొదటి ఏడే తెలిసింది అత్తయ్యా. మీరు వేస్తుంటే చూశాను."

"మరి ఇన్నేళ్లూ చేదు కేకు ఎందుకు చేశావే?"

"ఆ ఏడే కదా మామయ్యగారు పోయింది. మంచం దిగనన్న మీరు నా కేకు ముక్క నోట్లో పెట్టుకుని, 'ఇలాగేనా చేసేది, లే పక్కకి' అంటూ లేచొచ్చి మీరే చేశారు. ఇక సరిగ్గా చెయ్యబుద్ధి కాలేదు."

నేను నవ్విన ఆ చేదును కోడలు ఏటా కొలిచి మరీ వేసిందన్నమాట.