చుక్కల తాత

"ఇంటిపేరు రెండక్షరాలేనా? పక్కన ఓ చుక్క పెట్టు తల్లీ. మూడో అక్షరం అనుకుని యంత్రం తీసుకుంటుంది."

బెంచీ మీంచి మళ్లీ అదే గొంతు. కౌంటర్లో గుమాస్తా తల పట్టుకుంది.

అది బతికి ఉన్నట్టు ధ్రువపత్రాలిచ్చే ఆఫీసు. ఆ కాగితం ఉంటేనే ముసలివాళ్లకు ఆస్పత్రిలో ఉచితంగా మందులిస్తారు. ఇదివరకు మనిషి ఎదురుగా నిలబడితే గుమాస్తా చూసి సంతకం పెట్టేది. ఇప్పుడు కొత్త యంత్రం చూస్తోంది. దానికి కళ్లు లేవు గానీ, నలభై గడులున్నాయి.

ఏ గడిలో ఏం రాస్తే అది ఒప్పుకుంటుందో బెంచీ మీది ముసలాయనకు కంఠతా వచ్చు. అందుకే అందరికీ చుక్కల తాత అయ్యాడు.

"మీ పని అయిందా తాతా?" అని ఓసారి గుమాస్తా అడిగింది.

"నాదేముంది తల్లీ, చివర్లో చూద్దాంలే," అన్నాడు దగ్గుతూ.

దళారీ అయ్యుంటాడనుకుంది.

ఇంతలో వచ్చే వారం తనిఖీకి వస్తున్నామని పైనుంచి ఫోనొచ్చింది. ఆఫీసు అధికారి హడావిడిగా తన గదిలోంచి వచ్చాడు.

"యంత్రం ఇంత బాగా పనిచేస్తుంటే మధ్యలో ఆయనెందుకమ్మా? పంపించెయ్యండి."

ఆమెకూ విసుగ్గానే ఉంది. వాచ్‌మన్‌కి సైగ చేసింది.

తాత వాదించలేదు. "వరుసలో ఆ మూడో ఆవిడ పుట్టినతేదీ తిరగేసి రాయాలి, కాస్త చెప్పు తల్లీ," అని లేచి వెళ్లిపోయాడు.

తనిఖీ రోజున ఒక్క దరఖాస్తూ గట్టెక్కలేదు.

తనిఖీకొచ్చిన పెద్దలు యంత్రం చుట్టూ తిరిగి తిరిగి, లోపం జనంలో ఉందని తేల్చారు. జనానికి శిక్షణ ఇప్పించాలని తీర్మానించి, టీలు తాగి వెళ్లారు. వరుసలో నిలబడ్డ ముసలివాళ్లు ఉత్త చేతులతో ఇంటిదారి పట్టారు.

వాళ్లు వెళ్లాక వాచ్‌మన్ ఓ చేతిసంచి తెచ్చాడు.

"చుక్కల తాతది మేడమ్. బెంచీ కింద మర్చిపోయాడు. వారమైంది, మళ్లీ రాలేదు."

"ఇల్లెక్కడో తెలుసా?"

"మనమెప్పుడు అడిగాం మేడమ్?"

సంచిలో దారంతో కట్టిన చీటీల కట్ట. అన్నీ తిరస్కరణ చీటీలే, అన్నీ తాత పేరు మీదే. మొదటిది యంత్రం పెట్టిన రోజుది.

'ఇంటిపేరు చాలదు.' వెనక పెన్సిల్‌తో: చుక్క పెట్టాలి.

'తేదీ తప్పు.' వెనక: తిరగేసి రాయాలి.

ఆమె ఒక్కో చీటీ తీసి చూసింది. ప్రతిదాని మీదా తన స్టాంపే ఉంది. తలెత్తకుండా వేసిన స్టాంపు.

చిట్టచివరి చీటీ మీద ఇలా ఉంది: 'దరఖాస్తుదారు మరణించారు. బతికి ఉన్నట్టు ధ్రువపత్రం ఇవ్వబడదు.'

గబగబా తిప్పి చూసింది; ఆ ఒక్కదాని వెనక మాత్రం తాత ఏమీ రాయలేదు.